యాదగిరిని ఇచ్చి ఇద్దరిని తెచ్చుకున్నాను

సొంత చేతులతో సొంత టీమును ముంచినవాణ్ని మీరు ఇంతవరకు చూసి ఉండకపోతే, ఇదిగో, నేనే. ఎలా ముంచానో చెబుతాను. శామీర్‌పేటలో అందరూ నవ్వేశారు, మీరొక్కరే మొహమాటపడనక్కర్లేదు.

అప్పట్లో మా ఊరి హాకీ టీముకు నేను కెప్టెన్‌ని. నా ఆట అంతంతమాత్రమే గాని తెలివికి మాత్రం కొదవలేదని నా నమ్మకం. గోల్స్ కొట్టేవాడు యాదగిరి. పొద్దున చెరువులో చేపలు పట్టి, అమ్మి, సాయంత్రం మైదానానికి వచ్చేవాడు. బంతి వాడి కర్రకు తగిలిందంటే వలలో పడ్డట్టే. ఆ ఏడాది కప్పు మాదేనని ఊరంతా అనుకుంటోందంటే వాణ్ని చూసే.

టోర్నమెంటుకు ముందు ఒక కబురు తెలిసింది. తుర్కపల్లిలో ఏదో మందుల కంపెనీ టీము వాణ్ని పిలుస్తోందట. మా దగ్గర పద్ధతి ఏమిటంటే, టోర్నమెంటు అయ్యేదాకా ఆటగాడు మావాడు. ఆ తర్వాత ఎవరి దగ్గరికైనా పోవచ్చు, మాకు దక్కేదేమీ ఉండదు.

"ఏంది యాదీ, పోతవా?"

"పిలుస్తున్నరన్నా. ఏం జెయ్యాల్నో సోంచాయిస్తున్న," అన్నాడు నా మొహంలోకే చూస్తూ.

అప్పుడు నా బుర్ర పనిచేయడం మొదలుపెట్టింది. వచ్చిన చిక్కల్లా అదే. ఎలాగూ పోయేవాణ్ని ఊరికే పోనివ్వడమెందుకు? ముందే ఎవరికైనా ఇచ్చేసి, బదులుగా ఇద్దరిని తెచ్చుకుంటే? టీవీలో పెద్ద పెద్ద టీములు చేసేది ఇదే కదా! వెంటనే కీసర కెప్టెన్ శ్రీశైలానికి ఫోన్ చేశాను.

"యాదగిరిని నీకిస్త. నాకు ఇద్దరినియ్యి."

శ్రీశైలం గొంతు తగ్గించి అడిగాడు.

"అన్నా, తాగినవా?"

"పొద్దుపొద్దున్నే తాగుడేందిరా! ఇస్తవా, ఇయ్యవా?"

"ఇద్దరేంది, ముగ్గురిని దీస్కో!"

మరీ అన్యాయంగా ఉంటుందని జాలిపడి, ఇద్దరు చాలన్నాను. సంగతి చెబితే యాదగిరి వాదించలేదు. "నువ్వెట్లంటె అట్లనే అన్నా," అని కర్ర భుజాన వేసుకుని, పోసిన చాయ్ కూడా తాగకుండా వెళ్లిపోయాడు.

మా మొదటి మ్యాచే కీసరతో. కొత్తగా వచ్చిన ఇద్దరూ ఆటకు రాలేదు. ఒకడికి ఫోన్ చేస్తే, "క్యాబు డ్యూటీల ఉన్నన్నా, సార్లను దించి జల్దీ వస్త," అన్నాడు. రెండోవాడు, "పిల్లను సూడనీకి పోతున్నం, నువ్వు గూడ రా అన్నా," అని నన్నే పిలిచాడు.

ఇక ఆట సంగతి అడగకండి. మా గోల్‌లోకి బంతి వెళ్లినన్నిసార్లు మా గోల్‌కీపర్ కూడా వెళ్లి ఉండడు. గోల్ కొట్టిన ప్రతిసారీ యాదగిరి నా దగ్గరికి వచ్చి, "దెబ్బేమన్న తగిలిందా అన్నా?" అని అడిగేవాడు. వాడు తిట్టినా అంత బాధ ఉండేది కాదు.

ఆట అయ్యాక ఉండబట్టలేక అన్నాను: "ఎట్లయినా కంపెనీకి పోతవు గదరా, అందుకే..."

"పోతనని ఎవలన్నరు? పోకురా అని ఒక్కమాట అంటవేమోనని సూసిన."

సిగ్గుతో తలెత్తలేకపోయాను. ఆలోచనలన్నీ చేశాను గాని, ఆ ఒక్కమాట నాకు తట్టనే లేదు.

టోర్నమెంటు ముగియగానే యాదగిరి తనంతట తానే మా టీముకు తిరిగి వచ్చాడు. కెప్టెన్ కూడా వాడే అయ్యాడు. అందుకు నేనే మొదట చెయ్యెత్తాను. ఓ సాయంత్రం భయం భయంగా అడిగాను:

"కెప్టెన్ సాబ్, మరి నా సంగతేంది?"

"నువ్వు ఊకెనే పోకముందే నిన్ను ఎవలకన్న ఇద్దామని కీసరకు, మేడ్చల్‌కు మస్తు ఫోన్లు జేసినన్నా. బదులు ఎవ్వలనియ్యకున్నా మంచిదే, దీస్కపోండ్రి అన్న. అయినా వద్దంటున్నరు!"

కనుక పాఠకులారా, శామీర్‌పేట చెరువు సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఈ జన్మలో మనుషులనే కాదు, పక్కింటివాళ్లతో ఉల్లిగడ్డలిచ్చి ఆలుగడ్డలు కూడా మార్చుకోను.