గొయ్యి పడని దిబ్బ

మా ఊరి బేస్‌బాల్ మైదానాన్ని నలభై ఒక్క ఏళ్ళుగా చూసుకుంటున్న మనిషి ఉగాకి తమెజో. మైదానాన్ని ఆనుకుని ఉన్న గ్రంథాలయంలో నేను ఉద్యోగం చేశాను. ఉద్యోగం అయిపోయినా, రోజూ అదే కిటికీ పక్కన కూర్చుని చదువుకుంటాను. ఎదురుగా పిచర్ నిలబడి బంతి విసిరే మట్టిదిబ్బ. పుస్తకంలోంచి తలెత్తినప్పుడల్లా తమెజో వంగిన వీపే కనబడుతుంది.

ఆట అయ్యాక అందరూ పరుగుల పలక చూస్తే ఆయన దిబ్బ ముందున్న గొయ్యి చూస్తాడు. పిచర్ బంతి వదులుతూ ముందుకు అంగ వేసినప్పుడు, మా మెత్తని నల్లమట్టిలో కాలు దిగి గొయ్యి పడుతుంది. అడుగు ప్రతిసారీ ఒకేచోట పడితే గొయ్యి ఒకటే. "ఒకటే గొయ్యి ఉంటే పిచర్. నాలుగు ఉంటే కోడి," అంటాడు.

మా ఊరి కుర్రాడు తొబినో షూహెయి పదిహేనో ఏటనే ఒకటే గొయ్యి వేశాడు. దేశమంతా పేరు తెచ్చుకున్నాడు. ఇరవై ఎనిమిదో ఏట అమెరికా జట్టు పిలిచింది. అక్కడ నెగ్గుతాడా లేదా అన్నదే ఊళ్ళో మాట.

"అక్కడి బంతి తడి సబ్బులా జారుతుందట. ఇక్కడ వారానికోసారి విసిరితే చాలు, అక్కడ అయిదో రోజుకల్లా మళ్ళీ దిబ్బ ఎక్కాలట. జూన్‌కల్లా మూటాముల్లె సర్దుకొస్తాడు చూడు," అన్నాడట మంగలి కంబె.

"ముందు నువ్వు నా చెవి తెగకుండా చూడు. వాడి సంగతి వాడు చూసుకుంటాడు," అన్నాడట కుర్చీలో ఉన్న తమెజో.

జనవరిలో, కొత్త సంవత్సరం పండక్కి దంచిన బియ్యపు మోచీలు ఇళ్ళలో ఇంకా మిగిలి ఉండగానే తొబినో వచ్చాడు.

"బాబాయ్, నాకు అక్కడి దిబ్బ ఒకటి వేసిపెట్టు. అక్కడి మట్టి రాయిలా ఉంటుంది, కాలు దిగదు. నా మోకాలు తట్టుకుంటుందో లేదో ఇక్కడే తేలిపోవాలి."

తమెజో ఎర్ర బంకమట్టి తెప్పించి, పొర మీద పొర వేసి, దిమ్మిసతో కొట్టాడు. తొబినో మూడు రోజులు అద్భుతంగా విసిరాడు. ఎదురుగా బంతి పట్టే క్యాచర్ చేతితొడుగులో అది పడే చప్పుడు నా పేజీల దాకా వినబడేది. "ఇంక ఢోకా లేదు. నేను ముందే చెప్పలా?" అన్నాడు కంబె.

నేను చూసింది వేరు. పొద్దు పొడవగానే తమెజో నీళ్ళడబ్బాతో వచ్చి, కాలు పడే చోటు మాత్రం తవ్వి, నల్లమట్టి కలిపి, పైన ఎర్రమట్టి పల్చగా పూసి పోతున్నాడు. ఎవరికీ చెప్పలేదు. అంత నిజాయితీపరుడు ఇదెందుకు చేస్తున్నాడా అన్నదొక్కటే నన్ను తొలిచింది.

నాలుగో రోజు వాళ్ళకు టీ పట్టుకెళ్ళాను. తొబినో నేల మీద కూర్చుని వేలితో మట్టి తడుముతున్నాడు.

"గొయ్యి పడింది బాబాయ్."

"పడదా మరి? మీ అమ్మ పెట్టే చేపలన్నీ తిని ఎంత బరువెక్కావో చూసుకున్నావా?"

"నవ్వించకు. అక్కడ గొయ్యి పడదు."

తమెజో టోపీ తీశాడు. "పదిహేడో ఏట ఆ మోకాలు వాచి, కుంటుకుంటూ ఇంటికి పోయావురా. మళ్ళీ నా దిబ్బ మీదే..."

"ఇక్కడ ఆడినన్నాళ్ళూ నువ్వు మెత్తగా చేసిన చోటే కాలు పెట్టాను. అక్కడ నాకెవరు చేస్తారు, చెప్పు?"

క్షమించమన్నట్టు తమెజో నడుం వంచి తల దించాడు. తొబినో కంగారుపడి అంతకంటే కిందికి వంగాడు. మధ్యలో కప్పులు పట్టుకుని నేను.

ఆ సాయంత్రమే తమెజో దిబ్బంతా తవ్వి గట్టిగా మళ్ళీ వేశాడు. నీళ్ళడబ్బా ఇంట్లో కొట్టుగదిలో పెట్టి తాళం వేసి, తాళంచెవి భార్య ఫుసానో చేతికిచ్చాడు. "పొద్దున్నే నేనడిగినా ఇవ్వకు," అన్నాడట. "పెళ్ళయిన ఇన్నేళ్ళకి ఈయనకి కాదని చెప్పే అధికారం దొరికిందండీ," అని ఫుసానో మురిసిపోయింది.

మొదటి రోజు బంతులు క్యాచర్ వెనక కట్టిన వల దాటి పోయాయి. తొబినో కాలు జారి రెండుసార్లు పడ్డాడు. తమెజో లేవలేదు. చేతులు రెండూ తొడల కింద అదిమిపెట్టుకుని కూర్చున్నాడు. గొయ్యి పడదు కనక, అడుగు ఎక్కడ పడుతోందో తెలియడానికి గీతలు గీసే సున్నం అక్కడ పల్చగా చల్లాడు. సాయంత్రానికి అది కోడి కెలికిన వాకిలిలా ఉంది. అయిదో రోజుకి తొబినో అంగ కాస్త పొట్టిదయింది. పదో రోజు ముప్పై బంతులకీ కలిపి సున్నం చెరిగింది రెండు అరచేతులంత మేర. మోకాలు వాచలేదు. మర్నాడే బయల్దేరి వెళ్ళాడు.

"నెగ్గుతాడంటావా మరి?" కంచె అవతలినుంచి అడిగాడు కంబె.

"అడుగు కుదిరింది. చేతి సంగతి నాకేం తెలుసు? నాకు తెలిసిందంతా మోకాలి కిందే."

వారం తర్వాత, బడి జట్ల కోసం మళ్ళీ నల్లమట్టి వేద్దామని తమెజో గునపం ఎత్తి దిబ్బ మీద కొట్టాడు. అది ఠంగుమని ఎగిరిపడింది. ఆయన మణికట్టు పట్టుకుని చతికిలబడ్డాడు. నేను గబుక్కున కిటికీ తీశాను.

"దెబ్బ తగిలిందా ఉగాకి గారూ?"

"ఇంత గట్టిగా వేసిన దుర్మార్గుడెవడమ్మా!" అన్నాడు చెయ్యి విదిలించుకుంటూ. నవ్వు ఆపుకోలేకపోతున్నాడు.