మీటరు ముందు మాస్టారు

మీటరక్క అసలు పేరు ఆఫీసు రిజిస్టరులో తప్ప ఎక్కడా వినపడదు. నేలలోంచి, రాళ్ళలోంచి, గోడల్లోంచి సహజంగా వచ్చే రేడియేషన్ ఎంతుందో వీధివీధీ తిరిగి కొలవడం పందొమ్మిదేళ్ళుగా ఆమె ఉద్యోగం. గామా మీటరును చంటిపిల్లలా చంకనేసుకుని నడిచేది. దానిమీద ఈగ వాలినా ఊరుకునేది కాదు.

ఆ మధ్యాహ్నం ఒక వీధిలో మూడు చోట్ల కొలిచింది. అంకెలు బుద్ధిగా ఉన్నాయి. నాలుగో చోట స్టాండు మీద మీటరు నిలబెట్టిందో లేదో, అంకె యాభై రెట్లు ఎగిరింది. రిటైరైన డ్రాయింగు మాస్టారొకాయన ఆమె భుజం మీదుగా తొంగిచూస్తున్నారు.

"ఏమ్మా, ఏమైనా తగిలిందా?"

"ఏం లేదండీ," అంది. పది అడుగులు జరిగి కొలిచింది. మాస్టారూ జరిగారు. అదే అంకె! వీధి చివరికి పరుగెత్తింది. ఆయనా ఆయాసపడుతూ వచ్చారు. అక్కడా అంతే. వీధంతా ఖాళీ చేయించాలేమోనని ఆఫీసుకు ఫోను చేయబోతుంటే, ఆయన మంచినీళ్ళు తాగొస్తానని ఇంటికి వెళ్ళారు. అంకె దిగిపోయింది. తిరిగొచ్చారు. మళ్ళీ ఎగిరింది.

మీటరక్క ఫోను సంచిలో పడేసింది. నిమిషం ఆగితే, రేడియేషన్ ఏ పదార్థం నుంచి వస్తోందో దాని పేరు కూడా ఆ మీటరు చెబుతుంది. కంగారులో ఆ సంగతే మరిచింది. ఆగి చూసింది. ఆస్పత్రుల్లో స్కానింగుకు ముందు ఒంట్లోకి ఎక్కించే రేడియేషన్ మందు.

"మాస్టారూ, పొద్దున స్కానింగుకేమైనా వెళ్ళారా?"

ఆయన మొహాన నెత్తురుచుక్క లేదు. "గుండెకి. ఏదో సూదిమందు ఎక్కించారు. గట్టిగా అనకు తల్లీ, మా ఆవిడ వింటే..."

"వింటే ఏమవుతుందో చెప్పండి," అంది భార్య, వెనకనుంచి. కళ్ళజోడు మరిచిపోయారని తెచ్చిందావిడ. "లైబ్రరీకని వెళ్ళింది దీనికా?"

"నువ్వు కంగారు పడతావని..."

"నలభై ఏళ్ళ కాపురంలో నాకు చిక్కని అబద్ధం ఆ డబ్బాకి చిక్కిందన్నమాట!" అంటుంటేనే ఆవిడ గొంతు వణికింది.

మీటరక్క నవ్వు మింగేసి ఆవిడ చెయ్యి పట్టుకుంది. "మందు రెండ్రోజుల్లో పోతుందమ్మా, భయం లేదు. రిపోర్టు ఎప్పుడిస్తామన్నారు?"

"సాయంత్రం," అన్నారు మాస్టారు, నేలవైపు చూస్తూ.

"నడవండి, నేనూ వస్తాను," అందావిడ.

మూడోరోజు మీటరక్క మళ్ళీ వచ్చి అక్కడే కొలిచింది. అంకె మామూలే. గుండె రక్తనాళంలో చిన్న అడ్డు ఉందట, మాత్రలతో సరిపోతుందట. మాస్టారి భార్య గేటు దగ్గరే చెప్పింది. ఆవిడ పక్కనున్న మాస్టారు మాత్రం మీటరును చూడగానే, ఎవరూ అడక్కుండానే, పది అడుగులు వెనక్కి జరిగారు.