రిగ్గింగు చేసి ఇవ్వబడును

నిప్పులాంటి ఒక బడిపంతులుగారిని, ఆయన ఒక్కగానొక్క కూతుర్ని, వాళ్ళతోపాటు మన ప్రజాస్వామ్యాన్ని ఒకే ఒక్క విజిటింగ్ కార్డుతో ఎలా ముంచబోయానో ఇప్పుడు చెబుతాను. మీరు నవ్వితే నేనేమీ అనుకోను. అప్పట్లో అద్దంకి నుంచి గుంటూరు దాకా బస్సుల్లో జనం నవ్వనే నవ్వారు. మీరు కాస్త ఆలస్యంగా నవ్వుతున్నారు, అంతే తేడా.

ఇది రెండువేల సంవత్సరం దాటాక, ఊళ్ళలోకి కంప్యూటర్లు కొత్తగా దిగుతున్న రోజుల మాట. నాకు పాతికేళ్ళు దాటి ఉంటాయి. హైదరాబాదులో ఆరు నెలలు యానిమేషన్ నేర్చుకుని, ఆ ఆరు నెలల్నీ ఆరేళ్ళని చెప్పుకుంటూ, గుంటూరు బ్రాడీపేటలో ఓ పురుగుమందుల కొట్టు మీద మేడగదిలో యానిమేషన్ స్కూలు పెట్టాను. కింద ప్రాణాలు తీసే వ్యాపారం, పైన ప్రాణాలు పోసే వ్యాపారం. కిందది బాగా నడిచేది.

నేర్పడం సరే, నేర్చుకున్నవాళ్ళకి ఉద్యోగాలేవి? గుంటూరులో మిరపకాయలకి కోల్డ్ స్టోరేజీలున్నాయి, పత్తికి మిల్లులున్నాయి, కదిలే బొమ్మలకి నిలవనీడ లేదు. అందుకని పిల్లల్ని ఫ్రీలాన్సుకి తయారుచెయ్యాలని నిర్ణయించాను. ఒకరి కింద కుదురుకోకుండా ఎవరి పని వాళ్ళే వెతుక్కుని చేసుకోవడం అన్నమాట. తల్లిదండ్రులకి ఆ మాటలో 'ఫ్రీ' ఒక్కటే వినబడి ఫీజులు ఆలస్యం చేశారు, అది వేరే కథ. ఈ విద్యలో నా అనుభవం అంటారా? అంతకుముందు ఒకే ఒక్క పెళ్ళి వీడియోకి టైటిల్స్ చేశాను. అందులో పావురాలు వెనక్కి ఎగిరాయి. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. నేను ఇంట ఓడి, ఆ ఓడిన విధానాన్నే రచ్చకి పాఠంగా చెప్పేవాణ్ణి.

నా స్టూడెంట్లలో బంగారంలాంటి పిల్ల కరుణ. అద్దంకి పక్కన పల్లెటూరు. డిగ్రీ అయ్యాక గుంటూరులో హాస్టల్లో ఉండి మా దగ్గర చేరింది. తండ్రి దేవదానం మాస్టారు ఆ ఊరి బళ్ళో పంతులు. ఆదివారం చర్చిలో వాక్యం చదివేదీ ఆయనే. అబద్ధం ఆడాల్సివస్తే జ్వరం వచ్చేసే రకం. కూతురు బి.ఇడి. చదివి టీచరు కావాలని ఆయన, బొమ్మలే చేస్తానని ఆ పిల్ల. చాన్నాళ్ళ తర్జనభర్జన తరవాత తండ్రీకూతుళ్ళకి రాజీ కుదిరింది. వేసవి వెళ్ళేలోగా తన పేరు మీద బయటినుంచి ఒక్క పని వస్తే బొమ్మలు. రాకపోతే బి.ఇడి. ఆ ఒక్క పని తెప్పించే పూచీ నాది. అంటే ఆ పిల్ల భవిష్యత్తు నా చేతుల్లో పెట్టారు. ఆ చేతులు ఎలాంటివో పావురాల్ని అడగండి.

కరుణకి చెయ్యి తిరిగిన విద్య ఒకటుంది. కంప్యూటర్లో చేసిన బొమ్మ మొదట కొయ్యలా నిలబడిపోయి ఉంటుంది. తోలుబొమ్మకి కీళ్ళు కుట్టి పుల్లలు కట్టినట్టు, దాని లోపల ఎముకలూ కీళ్ళూ అమరిస్తేనే అది లేస్తుంది, నడుస్తుంది. ఈ పనిని మా వృత్తిలో రిగ్గింగ్ అంటారు. అవును, అదే మాట. మీకు ఇప్పుడే వెలిగింది. నాకు వెలగడానికి ఇంకా చాలా టైముంది.

కార్డు లేని ఫ్రీలాన్సరు కత్తెర లేని మంగలి అని క్లాసులో బల్లగుద్ది చెప్పి, అందరి కార్డులూ నేనే రాశాను. కరుణ కార్డు దగ్గర మాత్రం ఇంటిపెద్దలాగా జాగ్రత్తపడ్డాను. మొదట 'మోడలింగ్' అని రాశాను. బొమ్మని మలచడం అని మా భావం. కానీ పల్లెటూళ్ళో పెళ్ళికావలసిన పిల్ల కార్డు మీద ఆ మాట ఉంటే ఏమనుకుంటారు? కొట్టేశాను. 'క్యారెక్టర్ డిజైన్' అని రాశాను. ఆడపిల్ల క్యారెక్టరు సంగతి కార్డుల మీదకి ఎందుకు? కొట్టేశాను. చివరికి ఎవరూ వేలెత్తి చూపలేని, మంచిముత్యం లాంటి మాట ఒక్కటి మిగిలింది. దాన్నే పెద్ద అక్షరాల్లో వేయించాను. పనిలో పనిగా నా కవిత్వం కూడా కాస్త తగిలించాను. కార్డు ఇలా తయారైంది:

కరుణ, రిగ్గింగ్ నిపుణురాలు
ప్రాణం లేనివాళ్ళని సైతం లేపి నడిపిస్తాం
ఎంత పెద్ద ఎత్తునైనా రిగ్గింగు గుట్టుగా, గడువులోగా చేసి ఇవ్వబడును

గుట్టుగా అని ఎందుకన్నానంటే, ఒకరి బొమ్మల సంగతి ఇంకొకరికి చెప్పకూడదన్నది ఫ్రీలాన్సరుకి నేను నేర్పిన మొదటి నీతి. ప్రెస్సు ఆయన కాగితం చూశాడు, నన్ను చూశాడు, మళ్ళీ కాగితం చూసి, ధైర్యమేనండీ మీకు అన్నాడు. నా కవిత్వం గురించి అనుకుని థాంక్స్ చెప్పాను.

అన్నట్టు, అది ఎన్నికల నెల అని మీకు చెప్పడం మరిచాను. అప్పుడు నేను మరిచిందీ అదే.

జనం ఎక్కడ ఎక్కువగా ఉంటే అక్కడ కార్డులు పంచమని పిల్లలకి చెప్పాను. నా మనసులో ఉన్నది మిర్చి యార్డు. కరుణ ఆదివారం ఇంటికెళ్ళి, తిరుగుబస్సు కోసం అద్దంకిలో దిగినప్పుడు జనం ఎక్కడ ఎక్కువున్నారో అక్కడే పంచింది. అది ఓ అభ్యర్థిగారి బహిరంగసభ. చెప్పినమాట వినే స్టూడెంట్లతో వచ్చిన చిక్కే ఇది.

మర్నాడు మధ్యాహ్నం మా మెట్లెక్కి ఒకాయన వచ్చాడు. తెల్లచొక్కా, చేతిలో రెండు సెల్‌ఫోన్లు, పేరు కోటయ్య. అద్దంకిలో ఓ నాయకుడి తాలూకు మనిషినని చెప్పి, తలుపు దగ్గరికేసి మరీ కూర్చున్నాడు. ప్రచారానికి కార్టూన్ సినిమా కావాలి కాబోలని నేను లోలోపల ఎగిరి గంతేశాను. కరుణ ఆ గదికి అటు చివర, కంప్యూటర్ ముందు, చెవులకి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని పని చేసుకుంటోంది.

"ఇంత బాహాటంగా కార్డు వేసుకున్నారంటే మీకు పైన ఎవరో ఉండే ఉండాలి" అన్నాడు కోటయ్య గొంతు తగ్గించి.

"పైన ఎవరూ లేరండీ, డాబాయే" అన్నాను.

నా చమత్కారానికి అతను గౌరవంగా తలూపాడు. "ఎన్ని చేస్తారు?"

"ఎన్నైనా. ఒకటి సరిగ్గా కుదిరితే మిగతావన్నీ కాపీ కొట్టడమేగా."

"మనుషులు ఎంతమందొస్తారు?"

"ఒక్క అమ్మాయేనండీ. కుర్చీలోంచి లేవకుండా మొత్తం చేసేస్తుంది."

అతను వెనక్కి తిరిగి కరుణని చూశాడు. ఆ చూపులో భక్తి కనిపించింది. "మరి పోలీసులు?"

"పోలీసుల్నీ చేస్తుందండీ. మొన్న ఒకణ్ణి చేసింది. ఎటు తిప్పితే అటు తిరుగుతాడు."

"చచ్చిపోయినవాళ్ళ సంగతి కూడా కార్డులో వేశారు..."

"అసలు మా ప్రత్యేకతే అదండీ. లేపి, నిలబెట్టి, నడిపించి, చెయ్యి కూడా ఊపిస్తాం."

"చెయ్యి ఊపక్కర్లేదులే. వేలు చాపితే చాలు."

"వేలంటే కొంచెం టైము పడుతుందండీ. ఒక్కో వేలికి మూడేసి ఎముకలు విడివిడిగా పెట్టాలి."

ఎముకల మాట వినేసరికి కోటయ్య ముఖం పాలిపోయింది. "మేం మరీ అంత దూరం పోమండీ" అన్నాడు, కుర్చీ కాస్త వెనక్కి జరుపుకుంటూ.

సరిగ్గా అప్పుడు తలుపు తోసుకుని దేవదానం మాస్టారు వచ్చారు. చంకలో గొడుగు, భుజాన సంచి, చొక్కా చెమటతో తడిసి ఉంది. ముందు ఆయన కళ్ళు కోటయ్య మీద పడ్డాయి.

"ఏరా కోటయ్యా, నీకిక్కడేం పని?"

కోటయ్య చటుక్కున లేచి చేతులు కట్టుకున్నాడు. నాలుగో తరగతిలో ఈయన దగ్గర చదువుకున్నాడని అప్పుడు తెలిసింది. బొమ్మలు చూద్దామని వచ్చానండీ అని గొణిగాడు. నేను చెప్పిన ఏ పాఠానికీ అంత క్రమశిక్షణ రాలేదు.

మాస్టారు జేబులోంచి కార్డు తీసి నా బల్ల మీద పెట్టారు. ఆయన కేకలు వేసి ఉంటే బాగుండేది. చాలా మెల్లిగా మాట్లాడారు.

"నేను ఉద్యోగంలో చేరిన కాడినుంచీ ఎలక్షన్ డ్యూటీలు చేస్తానే ఉన్నాను బాబూ. నా బూత్‌లో ఒక్క ఓటు అటూ ఇటూ కాలేదు. ఇయ్యాళ పొద్దున పోలింగ్ ట్రైనింగులో ఎమ్మార్వోగారు ఈ కార్డు పైకెత్తి, మీలో ఎవరో మాస్టారి కూతురే ఇది పంచిందంట, ఎవరండీ ఆయన అని అడిగారు. అందరూ ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. నేను లేచి నిలబడ్డాను."

అప్పుడు వెలిగిందండీ నాకు. వెలిగిందా అంటే, మిరపతొక్కు ముద్ద కళ్ళల్లో పెట్టినట్టు వెలిగింది. మౌసుకి చెలగాటం, మాస్టారికి ప్రాణసంకటం. రిగ్గింగంటే ఆ రిగ్గింగు కాదండీ, బొమ్మ లోపల ఎముకలు పెట్టడం అండీ అని నేను తడబడుతుంటే, ఎముకలకి మేం ఒప్పుకోలేదండీ అని పక్కనుంచి కోటయ్య సాక్ష్యం చెబుతున్నాడు.

మాస్టారు మా ఇద్దరి మాటా వినలేదు. హెడ్‌ఫోన్స్ తీసి నిలబడ్డ కూతురి వైపు తిరిగి, "సామాను సర్దుకో తల్లీ, ఇంటికి పోదాం" అన్నారు.

కరుణ ఏడవలేదు. వాదించలేదు. మానిటర్ని తండ్రి వైపు తిప్పి, ఒక్కసారి చూడు నాన్నా అంది.

తెర మీద ఒక ఎర్రటి మిరపకాయ. పండి కొద్దిగా వంగిన కాయ. దానికి సన్నటి కాళ్ళు, చేతులు, చంకలో గొడుగు, భుజాన సంచి. అది నడవడం మొదలెట్టింది. ఏదో గుర్తుచేసుకుంటున్నట్టు తల కాస్త ముందుకి వంచి, తొందరపడకుండా నడుస్తోంది. నాలుగడుగులకోసారి కుడిభుజం పైకి ఎగరేసి సంచి సర్దుకుంటోంది.

ముందు కోటయ్యే ఉండబట్టలేకపోయాడు. "మాస్టారూ, అది మీరేనండీ."

"నేనిట్టా నడుస్తానా?" అన్నారాయన.

"పొద్దున్నే బడికి పోయేటప్పుడు ఇట్టాగే నాన్నా. చిన్నప్పటినుంచీ వాకిట్లో నిలబడి చూసేదాన్నిగా. అంతా వచ్చింది గానీ ఆ భుజం దగ్గరే కుదర్లా. ఎముక ఎన్నిసార్లు మార్చానో. ఆ ఎముకలు పెట్టడాన్నే రిగ్గింగ్ అంటారు."

ఆయన చెయ్యి తనకు తెలియకుండానే కుడిభుజం మీదికి వెళ్ళింది. "సంచి జారిపోద్దమ్మా, అందుకని" అన్నారు, ఏదో తప్పు చేసినట్టు. తెర దగ్గరికి వంగి, "ఇంకోసారి నడిపించు" అన్నారు.

ఎన్నిసార్లు నడిపించిందో లెక్కపెట్టలేదు. మధ్యలో ఎప్పుడో కోటయ్య చప్పుడు చెయ్యకుండా మెట్లు దిగిపోయాడు.

మర్నాడు ఆ మిరపకాయని సీడీలోకి ఎక్కించుకుని ముగ్గురం అద్దంకి వెళ్ళాం. ఎమ్మార్వోగారి ముందు నేను తల వంచుకుని నిలబడ్డాను. తల ఎత్తడానికి మొహం ఎక్కడుంది? ఆయన తమ ఆఫీసు కంప్యూటర్లో మిరపకాయ నడక చూసి, దేవదానం మాస్టారి వైపు చూసి, మళ్ళీ మిరపకాయని చూసి, కుర్చీలో వెనక్కి వాలి కళ్ళనీళ్ళొచ్చేదాకా నవ్వారు. నవ్వు తగ్గాక కరుణని కూర్చోమని అసలు సంగతికొచ్చారు. ఓటింగ్ మిషన్లు కొత్త, ఏ మీట నొక్కాలో జనానికి అర్థం కావడం లేదు, ఈ మిరపకాయ చేత నొక్కించి చూపిస్తే ఊళ్ళో కేబుల్ టీవీలో వేయిద్దాం, చేసిపెడతావా అమ్మా అని అడిగారు. అలా కరుణ పేరు మీద మొదటి పని వచ్చింది. నేను తెచ్చింది కాదు. నేను చెడగొడితే వచ్చింది.

మాస్టారు బి.ఇడి. ఊసు మళ్ళీ ఎత్తలేదు. పైగా 'రిగ్గింగ్' అన్న మాటని ప్రేమగా నేర్చుకున్నారు. అంతకుముందు ఆ మాట ఆయన నోట వచ్చేది కాదు, ఆ తరవాత ఆ మాట లేకుండా ఆయనకి వాక్యం పూర్తయ్యేది కాదు. చర్చిలో చెప్పారు, బళ్ళో చెప్పారు, పాలవాడికి చెప్పారు. ఇంతలో పోలింగ్ రోజు వచ్చింది. ఆయనకి సింగరాయకొండ వైపు ఓ ఊళ్ళో ప్రిసైడింగ్ ఆఫీసరుగా డ్యూటీ పడింది. అక్కడ మా కేబుల్ టీవీ రాదు, మా మిరపకాయ తెలీదు.

పొద్దున్నే ఓట్లు మొదలుకాకముందు పార్టీల ఏజెంట్లంతా కూర్చుని ఉప్మా తింటున్నారట. ఒకాయన మర్యాదకి, పిల్లలేం చేస్తున్నారు మాస్టారూ అని అడిగాడట.

"ఒకతే అమ్మాయండీ. రిగ్గింగ్ చేస్తది" అన్నారట మా మాస్టారు, కళ్ళు మెరుస్తుండగా. "ఈ ఎలక్షన్‌కి మా ఎమ్మార్వోగారే దగ్గరుండి చేయించుకున్నారు."

ఆ తరవాత జరిగింది ఆయన తిరిగొచ్చి నాకు చెప్పిన మాటల్లోనే వినండి. "ఆ ఊరోళ్ళు ఎంత మంచోళ్ళు బాబూ. పొద్దున ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకోని ఏజెంట్లు, నా మాట విన్నాక బెంచీలు దగ్గరికి జరుపుకుని ఒక్కటైపోయారు. సాయంత్రందాకా నా మీంచి చూపు తిప్పితే ఒట్టు. మంచినీళ్ళకి లేస్తే ఇద్దరు తోడొచ్చారు. ఇంత గౌరవం నాకు ఏ డ్యూటీలోనూ జరగలేదు."

ఆ గౌరవానికి అసలు అర్థం నేనాయనకి ఈనాటికీ విప్పిచెప్పలేదు. ఆ పాపం నాతోనే పోతుంది.

పాఠం నేర్చుకుని కరుణకి కొత్త కార్డు రాశాను. ఈసారి రిగ్గింగ్ ఊసే లేకుండా, 'కీళ్ళు అమర్చబడును' అని అచ్చతెలుగులో వేయించాను. వారం తిరక్కుండా తాడేపల్లి నుంచి ఒకావిడ మోకాళ్ళనొప్పుల అత్తగారిని ఆటోలో తీసుకొచ్చి మా మెట్లెక్కించింది.

కాబట్టి పాఠక మహాశయులారా, మీ అందరి సమక్షంలో, మౌసు మీద చెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో ఇంకెవరి కార్డూ నా చేత్తో రాయను. తప్పనిసరై రాయవలసివస్తే మనిషి పేరు రాసి అక్కడితో కలం మూసేస్తాను. కరుణ అని. ఆ మాటకి రెండర్థాలు తీసినా నష్టం లేదు, రెండూ మంచివే.