డిక్కీల మా ఆయన

మా ఆయనది బొగ్గుబాయిల డ్యూటీ. పోయినేడు గోదావరిఖనిల స్ప్రింగులకు బదులు గాలి స్ట్రట్లుండే పాత కారు కొని, విమానమే అన్నడు. నెల తిరగకముందే వెనుక టకటక చప్పుడు మొదలైంది. ఏ దిక్కో పట్టుకుంటనని తను డిక్కీల పండుకొని, నన్ను నడపమన్నడు.

బసంత్‌నగర్ తొవ్వల పోలీసులు ఆపిన్రు. అప్పుడే వెనుకనుంచి "కుడిదిక్కే! కుడిదిక్కే!" అని కేక. కానిస్టేబుల్ లాఠీ పట్టుకొని డిక్కీ తెరిచిండు.

"ఎవరమ్మా ఈయన?"

"మా ఆయనే సార్. నా మాట వినడు గని, కారు చప్పుడు వింటున్నడు."

పోలీసులు నవ్వి పంపిన్రు. మెకానిక్ కుడి స్ట్రట్ మార్చిండు, అయినా చప్పుడు పోలే. వెనక్కి మొఖం పెట్టి పండుకున్నోని కుడి, కారుకు ఎడమ గదా! ఎడమది మార్చినంకనే బందైంది.

ఇప్పటికీ నేనొక్కదాన్నే కారు తీస్తే, పక్కింటి అక్క "అన్న డిక్కీల ఉన్నడా?" అని అడుగుతది.