బుల్లబ్బాయి కొబ్బరి తలలు

మా కొత్తపేటలో అనుమానం లేని మనిషిని నేను చూడలేదు. పాలలో నీళ్ళు కలిస్తే అనుమానం, కలవకపోతే ఎందుకు కలపలేదని ఇంకా పెద్ద అనుమానం. నాది కాలవ గట్టు మీద సోడా కొట్టు. గోళీ దిగిన చప్పుడు కాస్త తేడాగా ఉంటే చాలు, "ఇందులో ఏం కలిపేవురా వీరన్నా?" అని గ్లాసు వాసన చూసేవారు. అలాంటి ఊళ్ళో, స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి ఏడు, నా కొట్టు పక్కనే బుల్లబ్బాయి సెలూన్ తెరిచాడు.

అంతవరకూ క్షవరమంటే మంగలే ఇంటికి రావాలి. పెరట్లో పీట మీద కూర్చుని, వంచమన్న వైపు తల వంచితే అయిపోయేది. రాలిన జుట్టు ఆ ఇంటివాళ్ళే ఊడ్చి కొబ్బరిచెట్టు మొదట్లో పాతేసేవారు. మన జుట్టు పరాయివాడి చేతికి దొరికితే చిల్లంగి పెడతాడని భయం. చిల్లంగి అంటే చేతబడి. ఆ నింద పడినవాళ్ళకి పళ్ళు రాలగొట్టిన సంగతులు మా చుట్టుపక్కల ఉన్నాయి.

బుల్లబ్బాయి వాళ్ళు తాతలనాటి నుంచీ చేసేది క్షవరం పనే. కానీ కుర్రతనంలో సన్నాయి నేర్చుకోమని రాజమండ్రిలో మేనమామ దగ్గరికి పంపితే, సన్నాయి మూల పెట్టి రోజంతా ఒక సెలూన్ గుమ్మంలో నిలబడేవాడట. పక్కపాపిడి క్రాపు, ముందు బుడిపెలా లేపి వెనక్కి దువ్విన క్రాపు, చెవుల పైన సన్నగా దించే క్రాపు, అన్నీ కళ్ళతోనే నేర్చాడు. తిరిగొచ్చాక మనిషితో మాట్లాడుతున్నా చూపు మాత్రం నుదుటి పైనే ఉండేది.

"నీ సుడి ఎడంపక్కకుంది ఈరన్నా. పాపిడి ఆ పక్కే తియ్యాల. లేపోతే జుట్టు నిలబడిపోతాది," అన్నాడు నాతో మొదటిరోజునే.

నిజమే. పుట్టినప్పటి నుంచీ నిలబడిన నా జుట్టు ఆవేళ పడుకుంది. మా ఆవిడ సుబ్బాయమ్మ నన్ను రెండుసార్లు చూసి, ఎక్కడికెళ్ళొచ్చారని అడిగింది. ఆవిడదీ ఈ ఊరే కదా.

ఎగతాళి చేస్తూనే జనం వచ్చారు. పెళ్ళికొడుకులు వచ్చారు, బడిపంతుళ్ళు వచ్చారు, రావులపాలెం నుంచి అరటిగెలల వ్యాపారులు కూడా వచ్చారు. వచ్చినవాళ్ళు కుర్చీలో కూర్చుని అద్దంలో తమని తాము చూసుకోవడం మాని వెనకనున్న తలుపు వంక చూసేవారు. ఆ తలుపు ఎప్పుడూ వేసే ఉండేది. ఊడ్చిన జుట్టు ఆ గదిలోకే పోతుందని ఒకరు, లోపల దీపం పెడతాడని ఒకరు చెప్పుకున్నారు. నిజానికి బుల్లబ్బాయి భార్య సత్తెమ్మ రోజూ అందరి ఎదుటే జుట్టు గంపకెత్తి తీసుకెళ్ళి గట్టు కింద పాతేది. ఎదురుగా జరిగేదాన్ని ఎవరు నమ్ముతారు?

ఆ ఎండాకాలం మాణిక్యాలరావు గారబ్బాయి దొరబాబు క్రాపు చేయించుకున్నాడు. మాణిక్యాలరావు గారంటే మా ఊరి కొబ్బరితోటల ఆసామి. వారం తిరక్కుండా దొరబాబుకి టైఫాయిడు తగిలింది. జ్వరంలో దువ్వెన పెడితే చాలు, జుట్టు కుచ్చులు కుచ్చులుగా ఊడొచ్చింది. పట్టపగలే మాణిక్యాలరావు గారు పదిమందిని వెంటేసుకుని సెలూన్‌కి వచ్చారు.

"మావోడి జుట్టేదిరా?"

"పాతేసేమండి."

"ఆ తలుపు తియ్యి."

బుల్లబ్బాయి కదల్లేదు. మొహం కందిపోయింది. అది భయమనుకున్నారు వాళ్ళు. నాకు సిగ్గులా కనబడింది. ఎవరో తలుపు తన్నారు.

లోపల బల్లల మీద వరసగా కొబ్బరికాయలు. అడుగున పీచుడొక్క ఒలిచి, పైన పీచు ఉంచి, ఆ పీచు నానబెట్టి చిక్కుతీసి, ఆముదంలో కలిపిన మసి పూసి, తీరుగా కత్తిరించి దువ్వినవి. ప్రతి కాయ నడినెత్తిన ఎర్రటి చుక్క. కోలకాయ మీద కరణం గారి క్రాపు, ఓ పక్క చప్పిడిగా ఉన్న కాయ మీద పోస్టుమాస్టరు గారి క్రాపు. ఊరి మగాళ్ళంతా బల్లల మీద కూర్చున్నట్టే ఉంది. ఎవరి తల వాళ్ళు గుర్తుపట్టారు.

"మనుషుల మీద పన్జెయ్యడానికి ముందు కాయ మీద చేసి చూస్తానండి," అన్నాడు బుల్లబ్బాయి. "తల ఎలాగుంటే అలాటి కాయే ఏరుకొస్తానండి. ఆ ఎర్రసుక్క సుడండి బాబూ, కుంకం కాదండి. అరుగులకి పూసే ఎర్రమట్టి జాజండి. నవ్వుతారని తలుపేసుకున్నానండి."

ఎవరు వింటారు? పళ్ళు పీకాలన్నాడొకడు. కొట్టు తగలబెట్టాలన్నాడు ఇంకొకడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"నెలనెలా పీక మీద కత్తి పెట్టించుకుంటున్నారు కదండీ! చంపేవోడైతే ఈ కాయలెందుకండీ ఆడికి?" అన్నాను.

ఆ మాటకి కాస్త తగ్గారు. కాయ పగలగొడితే దొరబాబుకి ఏమవుతుందోనన్న భయం వాళ్ళని ఇంకా తగ్గించింది. చివరికి ఎవరి కాయ వాళ్ళు పంచెలో చుట్టుకుని, పసిపిల్లల్ని ఎత్తుకున్నంత జాగ్రత్తగా ఇళ్ళకి పట్టుకుపోయారు. దొరబాబు కాయ మాణిక్యాలరావు గారి భోషాణంలోకి వెళ్ళి తాళం పడింది. బల్ల మీద నా కాయ ఒక్కటే మిగిలింది.

ఆ తర్వాత చాలాకాలం సెలూన్‌లో ఈగలు తప్ప ఎవరూ లేరు. సత్తెమ్మ మళ్ళీ ఇళ్ళమ్మట తిరగమని పోరేది. "తిరిగితే తప్పు ఒప్పుకున్నట్టేనే," అనేవాడు బుల్లబ్బాయి. వెనక తలుపు మాత్రం ఊడబీకేశాడు. కొత్త క్రాపు ఏది తోచినా నా కాయ మీదే చేసి చూసుకునేవాడు. అద్దంలో చూసుకునే సరదా చంపుకోలేని నలుగురు కుర్రాళ్ళు మెల్లగా తిరిగి వచ్చారు గానీ, ఆ క్రాపులేవీ వాళ్ళకి నప్పలేదు. నప్పవు మరి, అవన్నీ నా తలకి కుదిరినవి.

"మీ కాయ తెచ్చుకోండి," అన్నాడు బుల్లబ్బాయి.

అలా మొదలైంది ఆ వింత. సంచీలో కాయ పెట్టుకొచ్చి, పని అవుతున్నంతసేపూ దాని మీంచి కన్ను తీయకుండా, అవగానే తిరిగి పట్టుకుపోయేవారు. తన కాయకి ముందేదో వెనకేదో కూడా తేల్చుకోలేని కరణం గారు సైతం వచ్చారు. గడ్డం కిందికి కత్తి వెళ్ళినప్పుడు కళ్ళు మూసుకునేవారు, కాయ దగ్గరికి వెళ్ళినప్పుడు తెరిచేవారు. బేరం పెరిగింది. బుల్లబ్బాయి మాత్రం నవ్వడం మానేశాడు. అది చూస్తే నాకు ఏడుపొచ్చేది.

దొరబాబుకి జుట్టు మళ్ళీ మొలిచింది, కానీ ఇక్కడో గుబురు, అక్కడో బోడి. మురమళ్ళ సంబంధం కుదిరింది. పెళ్ళి నాలుగురోజులుందనగా ఒక పొద్దున్న వచ్చి, భోషాణంలోంచి తీసుకొచ్చిన కాయ అద్దం ముందు పెట్టి కూర్చున్నాడు.

"నాన్నగారికి తెల్దు. కానివ్వండి."

నేను సోడాలు మాని గుమ్మంలో నిలబడి రోడ్డు కేసి చూస్తూనే ఉన్నాను. బుల్లబ్బాయి ముందు కాయ మీద చేశాడు, చెరిపేసి ఇంకోలా చేశాడు, అప్పుడు తల ముట్టుకున్నాడు. గుబురుని బోడి మీదికి తిప్పి దువ్వేసరికి జబ్బు జాడ లేదు.

అంతలో మాణిక్యాలరావు గారు కాయ వేసుకుపోవడానికి ఖాళీ సంచీ పట్టుకుని పరుగులాంటి నడకతో వచ్చారు.

"కాయేదిరా? ఇలా తే!"

దొరబాబు లేచి, కాయ తీసుకెళ్ళి వెనక గదిలో నా కాయ పక్కన పెట్టాడు.

"తల నాది నాన్నగారండీ. ఇక్కడే ఉండనివ్వండి."

బుల్లబ్బాయి అటు తిరిగి కండువాతో మొహం తుడుచుకున్నాడు. మాణిక్యాలరావు గారు కొడుకు తల వంక, గది వంక చూశారు. తర్వాత ఏమనుకున్నారో, వచ్చి ఖాళీ అయిన కుర్చీలో కూర్చున్నారు.

"నాక్కూడా కాస్త సర్దు."

"ఆయ్," అన్నాడు బుల్లబ్బాయి.

ఆ ఖాళీ సంచీ మాత్రం ఆయన ఒళ్ళోనే ఉంది. పని అయ్యేదాకా దాని మూతి మీంచి చెయ్యి తియ్యలేదు.