నాకు మాట వస్తుందన్న టీచర్

కారేపల్లిలో ఐదో తరగతి చదివేటప్పుడు నేను ఇంట్లో తప్ప ఎక్కడా నోరు విప్పేదాన్ని కాదు. ఎవరైనా పేరడిగితే తల దించుకుని పక్కకు జరిగిపోయేదాన్ని. ఎనభైల నాటి సంగతి. అలాంటి పిల్లల్ని మొద్దులనేవారు.

ఆ ఏడు కొత్తగా వచ్చిన టీచర్, నలుగురిలో కలవలేని పిల్లలకు బడి విడిచాక మాట్లాడటం నేర్పుతానన్నారు. ఎవరికి పనికొస్తుందో చూసి తీసుకోమన్నారు హెడ్మాస్టరు. టీచర్ నన్ను చూపిస్తే, "గీ పిల్లనా? దీనికి నోరే లేదు. టైం దండగ," అన్నారాయన. తలుపు పక్కన నిలబడి అంతా విన్నాను.

"ఆటలకు రాదు సార్. కానీ ఆడేటోళ్లను కన్నార్పకుండ చూస్తది. కలవాలని ఉంది, భయమే ఆపుతున్నది. గిట్లాంటి పిల్లకే పనికొస్తది," అన్నారు టీచర్.

నాకు సంతోషం కలగలేదు. ఇక తప్పించుకోలేనని దడ పుట్టింది. మొదట నన్ను గోడవైపు తిప్పి మాట్లాడించారు. తర్వాత ఒక్క అమ్మాయితో. ఆపైన అటెండరును మంచినీళ్లు అడిగి రమ్మన్నారు. వెళ్లేముందు ప్రతిసారీ ఆ మాటల్ని లోపల పదిసార్లు అనుకునేదాన్ని.

ఆ వేసవిలో అమ్మతో భద్రాచలం నుంచి వస్తున్నాను. అడవి పక్క ఊళ్లో బస్సు ఆగితే అమ్మ నీళ్లకని దిగింది. ఆమె ఎక్కకముందే బస్సు కదిలింది. కిటికీలోంచి చూస్తే అమ్మ ఎక్కడా లేదు. అరవబోయాను, గొంతు పెగల్లేదు. చుట్టూ అందరూ తెలియనివాళ్లే. బస్సు ఊరి చివరి ఇల్లు దాటింది, చెట్లు మొదలయ్యాయి. సీట్లు పట్టుకుంటూ వెళ్లి కండక్టరు చొక్కా లాగాను.

"ఏందమ్మా?"

"మా అమ్మ... దిగింది. బస్సు ఆపండి."

విజిల్ పడింది.

"జల్దీ చెప్పాలె గదా బిడ్డా! గింతసేపు ఏం చేసినవ్?" అని కసిరాడు కండక్టరు. వెనక అమ్మ దుమ్ములో పరుగెత్తుకొస్తోంది. ఎక్కగానే నన్ను ఒళ్లోకి లాక్కుంది. ఆమె గుండె నా గుండెకంటే గట్టిగా కొట్టుకుంటోంది. ఇల్లు చేరేదాకా ఆమె కొంగు వదల్లేదు నేను.

బడి తెరిచాక సంగతి విని, "భయం పోయిందా?" అని అడిగారు టీచర్.

"లేదు టీచర్."

"పోకున్నా మాట్లాడినవ్ గదా."

ఆవిడ అంచనా అందరి విషయంలో నిజం కాలేదు. నాతోపాటు నేర్చుకున్న ఇంకో అమ్మాయి, టీచర్ నా మీదకంటే ఎక్కువ ఆశ పెట్టుకున్న పిల్ల, కొన్నాళ్లకు రావడమే మానేసింది. ఎందుకో టీచర్‌కూ అంతుబట్టలేదు. ఒక సాయంత్రం నేనే వెళ్లి, గుండె దడదడలాడుతుంటే, వాళ్ల వాకిట్లో నిలబడి పిలిచాను. తలుపు సందులోంచి నన్ను చూసింది గాని బయటికి రాలేదు.