కూలర్ గదిలో పది బారల లోతు

ఢిల్లీ ఎండాకాలపు మధ్యాహ్నాలు నాకు నీళ్ల రంగులోనే గుర్తొస్తాయి. కంటోన్మెంట్‌ క్వార్టర్లో కిటికీలకు ఆకుపచ్చ తెరలు దించి కూలర్ వేస్తే, గదంతా మసక పచ్చగా, వట్టివేళ్ల వాసనతో నిండిపోయేది. మావారు చాప మీద వెల్లకిలా పడుకుని, కళ్లు మూసుకుని, "ఇప్పుడు పది బారల లోతులో ఉన్నానే" అనేవారు.

ఆయన నేవీలో డైవరు. ఓడల అడుగున చీకటి నీళ్లలో, తడుముకుంటూ పనిచేసే మనిషి. జలుబు చేస్తే నీళ్లలోకి దిగకూడదని డైవర్లందరికీ తెలుసు. చెబితే ఒడ్డున కూర్చోబెడతారని ఎవరూ నోరు విప్పరు. మావారూ విప్పలేదు. విశాఖలో అలా దిగిన రోజున ఎడమ కర్ణభేరి చిరిగింది. దాంతో ఢిల్లీలో ఫైళ్ల పని ఇచ్చారు. "దిల్లీలో సముద్రమెక్కడుంది దీదీ?" అని పక్కింటావిడ నవ్వేది. నాకూ నవ్వొచ్చేది.

మళ్లీ నీళ్లలోకా, ఇక ఎప్పటికీ కుర్చీలోనా అన్నది ఆ వేసవిలో డాక్టర్ల బోర్డు తేల్చాలి. నేను కుర్చీ వైపే. ఆ మాట ఆయన మొహం మీదే అనేశాను. ఆయన నవ్వి, నా కొంగు చివర తన మణికట్టుకు చుట్టుకున్నారు. పడవలో పైనున్నవాడు డైవరుకు కట్టిన తాడు ఒకసారి లాగితే బాగున్నావా అని అడిగినట్టట. కిందివాడు ఒకసారి లాగితే బాగున్నానని జవాబట. బెండకాయలు తరుగుతూ మధ్యమధ్య లాగేదాన్ని. కాస్త ఆగి, ఎక్కడో అడుగునుంచి వచ్చినట్టు జవాబొచ్చేది. నా కాళ్ల చుట్టూ కూడా చల్లగా ఏదో కదిలేది. ఆ మధ్యాహ్నాలంటే నాకు ప్రాణం.

బోర్డు రోజున ఆయన బూట్లయినా విప్పకుండా చాప మీద కూర్చున్నారు.

"ఏటన్నారండీ?"

"ఇంక దిగొద్దనీసారు." ఎడమ చెవి తడుముకున్నారు. "చెవి సరిగ్గా లేదట. అడుగున వినడానికి ఏటుంటాదే? మన ఊపిరే కదా."

నేను మొక్కుకున్నదే జరిగింది. సంతోషం కోసం నాలో నేను వెతుక్కున్నాను. దొరకలేదు. ఆయన బూట్లు నేనే విప్పాను.

మర్నాడు ఆయన ఆఫీసుకు వెళ్లగానే బస్సెక్కి ఆ బోర్డులోని పెద్ద డాక్టరు గది ముందు నిలబడ్డాను. "ఇంకొక్కసారి చూడండి సార్, ఆయన్ని నీళ్లలోకి పంపించండి" అని నాకొచ్చిన వంకర హిందీలో బతిమాలాను.